సముద్రం పక్కనే.. కానీ కనపడదు!

వైజాగ్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్ గ్యాలరీ ఓసారి చూడండి. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, ఇంకాస్త ఓపిక ఉంటే యారాడ. అంతే. ఆ ఊరు పెరగడం మొదలైన చోటు మాత్రం ఒక్క ఫొటోలోనూ ఉండదు. జగదాంబ జంక్షన్ దాటి, పూర్ణా మార్కెట్ రద్దీలోంచి బయటపడి ఇంకా ముందుకెళ్తే సిటీ బస్సు ఆఖరి స్టాపు వస్తుంది. బస్సు బోర్డు మీద ‘ఓహెచ్‌పీవో’ అని ఉంటుంది. అంటే ఓల్డ్ హెడ్ పోస్టాఫీస్. ఆ చుట్టుపక్కలదంతా వన్ టౌన్. నేను పుట్టి పెరిగింది అక్కడే, కోట వీధి సందుల్లో.

మ్యాప్ తెరిచి చూస్తే మీకే అర్థమవుతుంది. తూర్పున బంగాళాఖాతం. దక్షిణాన ఓడలు లోపలికొచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. పడమర పోర్టు లోపలి హార్బరు. మూడు వైపులా నీళ్లే! మరి మా ఇంట్లోంచి సముద్రం కనపడుతుందా? కనపడదు. గోడ, షెడ్డు, రోడ్డు, మళ్లీ గోడ. డాబా ఎక్కితే క్రేన్ల తలలు కనిపిస్తాయి. రాత్రిపూట ఓడ కూత వినిపిస్తుంది. కాలేజీలో ఫ్రెండ్స్ ‘‘నీకేంట్రా, సీ వ్యూ ఇల్లు’’ అని కుళ్లుకునేవాళ్లు. వ్యూ లేదుగానీ వాసన మాత్రం ఫుల్లుగా ఉందనేవాణ్ని.

మొన్న వేసవిలో మా చిన్నాన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ‘‘ఇంటికి బేరం వచ్చింది. ఆదివారం అందరూ ఉండండి.’’ అమ్మ వెంటనే దండం ఎమోజీ పెట్టింది. నాన్న చూసి ఊరుకున్నాడు. అప్పటిదాకా నాకు మా వీధి అంటే బైకు తిప్పుకోవడానికి చోటులేని సందు. అమ్మేస్తారేమో అనగానే, అసలు ఇంత ఇరుకులో ఇన్ని ఇళ్లు ఎందుకు కట్టుకున్నారు, ఎవరు కట్టారు అని తవ్వడం మొదలుపెట్టాను. తవ్వినకొద్దీ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది.

కోట వీధిలో కోట ఏదని చిన్నప్పుడు మామ్మని అడిగితే ‘‘బ్రిటీషోడు అట్టుకెల్లిపోనాడు’’ అనేది. నిజానికి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ 1682లో ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు అనుకునేరు, కాదు. సరుకు కొని దాచిపెట్టి ఓడలెక్కించే గిడ్డంగి. ఏడేళ్లకే, 1689లో, ఔరంగజేబు సైన్యం వచ్చి దాన్ని పట్టుకుంది, అందులోని వాళ్లని చంపేసింది. తర్వాత తిరిగొచ్చిన కంపెనీవాళ్లు ఈసారి చుట్టూ గోడలు, బురుజులు కట్టుకున్నారు. పక్కనున్న బురుజుపేటకు ఆ పేరు ఊరికే రాలేదు. కోట పోయింది, పేర్లు మిగిలాయి.

1757లో ఫ్రెంచి బుస్సీ దీన్ని పట్టుకున్నాడు. మరుసటేడు విజయనగరం రాజావారు ఫ్రెంచివాళ్లని తరిమి మళ్లీ ఇంగ్లిషువాళ్ల చేతిలో పెట్టారు. ఎందుకు పెట్టారయ్యా అంటే అది వేరే కథ, బొబ్బిలి యుద్ధం దగ్గర్నుంచి చెప్పుకోవాలి.

నన్ను ఆపేసింది మాత్రం 1780. సిపాయిల తిరుగుబాటు అనగానే మనకి 1857, మీరట్, మంగళ్ పాండే గుర్తొస్తాయి. స్కూల్లో బట్టీ కొట్టాం కదా. దానికి 77 ఏళ్ల ముందే, 1780 అక్టోబరులో, ఇక్కడ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే ఎక్కం పొమ్మన్నారు. తుపాకులు అధికారుల మీదికే తిప్పారు. ఇదంతా నేను క్రికెట్ ఆడుకున్న చోటికి కూతవేటు దూరంలో. అక్కడ చదువుకున్నన్నాళ్లూ ఒక్క మాస్టారూ ఈ సంగతి చెప్పలేదు.

1804 సెప్టెంబరు 15న ఈ తీరం ఎదుట ఏకంగా నావికా యుద్ధమే జరిగింది. ఇంగ్లిషు యుద్ధనౌక సెంచూరియన్, దానితో రెండు వర్తకపు ఓడలు ఇక్కడ లంగరేసి ఉండగా, ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు ఓడలతో వచ్చి పడ్డాడు. ఒక వర్తకపు ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చి ముక్కలైంది. ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. ఊరి జనం ఒడ్డున నిలబడి చూసే ఉంటారు. ఇవాళైతే లైవ్ పెట్టేవాళ్లు.

యుద్ధాల సంగతి అలా ఉంచితే, నాకు గర్వంగా అనిపించేది వేరే ఉంది. 18వ శతాబ్దంలో ఈ ఊరి కంసాలి పనివాళ్లు దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు, బీరువాలు చేసేవాళ్లు. దంతపు రేకు మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లోకి నల్లటి లక్క దించి పూలూ ఆకులూ తేల్చేవాళ్లు. ఓడల్లో వచ్చిన దొరలు వాటిని చూసి వెర్రెత్తిపోయారు. ఇవాళ లండన్ మ్యూజియంలో ఆ పెట్టెల పక్కన ‘విజగపటం’ అని ఊరి పేరే రాసి ఉంటుంది. వేలంపాటల్లో ఆ పేరుకే ధర. మా ఊళ్లో ఆ పెట్టె ఒక్కటి చూద్దామంటే నాకు దొరకలేదు. ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోవడం మంచిదే, అందులో రెండో మాట లేదు. ఆ చెయ్యి వాటం కూడా పోవడమే బాధ.

ఇంకో సంగతి గమనించాను. ఈ ఊళ్లో చేతిలో డబ్బులు ఆడిన ప్రతివాడూ ఉత్తరానికే నడుస్తాడు. మొదట దొరలు ఇరుకు భరించలేక మెరక మీదున్న వాల్తేరుకు పోయి బంగళాలు కట్టుకున్నారు. వాళ్ల వెనకే జమీందార్లు. మా తాతల కాలంలో పెద్ద వకీళ్లు, డాక్టర్లు మహారాణిపేట పోయారు. నాన్న తరం ఎంవీపీ కాలనీ. నా తరం మధురవాడ. అందరూ పైకి పోతుంటే కింద మిగిలిపోయినవాళ్ల పేరే వన్ టౌన్.

అలాగని ఏమీ లేని చోటు కాదు. బొబ్బిలి రాజావారి టౌన్ హాలు 1904 నాటిది. కురుపాం రాజావారు భార్య గుర్తుగా 1914లో కట్టించిన కురుపాం మార్కెట్ గుమ్మం కిందనుంచి ఇప్పటికీ పెళ్లి బంగారం కొనుక్కుని వెళ్తున్నారు. సెయింట్ అలోషియస్ స్కూల్లో ఒక కుర్రాడు పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. వాళ్ల నాన్న ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఆ కుర్రాడు సీవీ రామన్. సముద్రం నీలంగా ఎందుకుంటుందన్న ప్రశ్న ఆయనకు ఓడ ప్రయాణంలో వచ్చిందని పుస్తకాలు చెబుతాయి. చిన్నప్పుడంతా ఈ సముద్రం పక్కనే తిరిగినవాడికి అప్పటిదాకా రాలేదంటే నేను నమ్మను. ఇది నా సొంత థియరీ, పరీక్షల్లో రాయకండి. శ్రీశ్రీ పుట్టిందీ ఈ ఊళ్లోనే, 1910లో. రావిశాస్త్రి ఈ ఊరి ప్లీడరే. ఆయన కథల్లో జనం మాట్లాడే భాష మా వీధి కుళాయి దగ్గర నేను రోజూ విన్నదే.

ఇక బురుజుపేట కనకమహాలక్ష్మి. 1912లో బావిలో దొరికిందంటారు ఈ అమ్మవారి విగ్రహం. ఎడమ చెయ్యి ఉండదు. నెత్తిన కప్పు ఉండదు. ఎండా వానా అమ్మవారి మీదే. పూజారి చేతికిచ్చి దూరంగా నిలబడక్కర్లేదు, ఎవరైనా వెళ్లి తమ చేత్తో తాకి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అర్ధరాత్రి నుంచే క్యూ. మా ఇంట్లో ఏ పుట్టువెంట్రుకలకూ, ఏ పెళ్లికీ ఈమెకు చెప్పకుండా ముహూర్తం పెట్టలేదు.

ఓడల కాలువ పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నది రాస్ హిల్. మత సామరస్యం అని రీల్స్‌లో మ్యూజిక్ వేసి పెడతారుగానీ, మాకు అవి మూడు మెట్ల దారులు. పరీక్షల ముందు మూడూ ఎక్కేవాళ్లం. ఏ దేవుడి సిలబస్‌లో ఏముందో ఎవరికి తెలుసు? పక్కింటి మస్తానమ్మ అప్ప దర్గా నుంచి తెచ్చిన చక్కెరే మా ఇంట్లో జ్వరానికి మొదటి మందు.

మరి సముద్రం ఎప్పుడు మాయమైంది?

పోర్టు రాకముందు ఓడలు దూరంగా నీళ్లలోనే లంగరేసేవి. సరుకుల్ని, మనుషుల్ని మసులా పడవల్లో ఒడ్డుకు చేర్చేవాళ్లు. పడవ పలకల్ని మేకుల్లేకుండా తాళ్లతో కుట్టేవాళ్లు, అల కొడితే విరక్కుండా వంగేలా. అంటే ఒడ్డే ఊరికి వీధి గుమ్మం. తర్వాత మధ్యప్రాంతాల మాంగనీస్ ఖనిజాన్ని ఓడలెక్కించడానికి రేవు కావాల్సి వచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశారు. ఊరికి పడమర ఉన్న ఉప్పు చిత్తడిని తవ్వి హార్బరు చేశారు. కాలువ మొగలో అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని తీసుకొచ్చి కావాలనే ముంచారు! 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొట్టమొదట లోపలికొచ్చింది. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్‌డన్ ప్రభువు వచ్చి రేవు ప్రారంభించాడు. ఊరికి పని దొరికింది. చుట్టుపక్కల పల్లెలనుంచి కళాసీలు, గుమస్తాలు, కూలీలు దిగారు. మా ముత్తాత కూడా అలా దిగినవాడే. ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, ఓడల దగ్గర టాలీ క్లర్కు. దించిన బస్తాకో గీత గీసి లెక్క రాయడం ఆయన ఉద్యోగం. చివరిదాకా ఇంట్లో పాలప్యాకెట్ల లెక్కా అలాగే నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత కొట్టి రాసేవాడు.

పని ఇచ్చిన రేవే ఒడ్డును తీసుకుంది. సరుకుంటే గోడ ఉండాలి, గోడ ఉంటే గేటుండాలి, గేటుంటే పాసుండాలి. ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. రేవు కోసం అడ్డు కట్టగానే ఆ ఇసుక ఇవతలే ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న బీచ్‌కి రావాల్సిన ఇసుక రాక కోత మొదలైంది. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. మీరు ఫొటో దిగిన ఇసుకలో కొంత పైపులో వచ్చింది కావచ్చు మరి.

మామ్మ కథల్లో తేదీలుండవు. ‘‘జపానోడు బాంబులేసినప్పుడు’’, ‘‘గాజీ మునిగినప్పుడు’’, ‘‘హుద్‌హుద్దు అప్పుడు’’, ఇవే ఆమె క్యాలెండరు. మొదటిది 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు ఇక్కడా కాకినాడలోనూ బాంబులేశాయి. మామ్మ అప్పటికి చంటిది. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని పల్లెలకు పారిపోయిందని వాళ్లమ్మ చెప్పేదట. ‘‘మాయమ్మ నన్నొక సంకనా, రోలొక సంకనా ఎట్టుకుని నడిసినాదట. రోలెందుకే అంటే, బాంబుకి పగల్దు కదేటి అన్నాదట!’’ ఆ రోలు ఇంకా మా పెరట్లో ఉంది. రెండోది 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ ఈ రేవు ముందే మునిగిపోయింది. ఇంట్లో గిన్నెలు గణగణలాడాయట. మూడోది నాకూ తెలుసు, 2014 అక్టోబరు 12. మా డాబా మీది సింటెక్స్ ట్యాంకు మూడిళ్ల అవతల దొరికింది. మా ఇంటి రంగూన్ టేకు దూలాలు మాత్రం కిక్కురుమనలేదు.

ఆ దూలాల మీద పరిచింది మద్రాస్ టెర్రస్. సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా నిలబెట్టి, సున్నం వేసి దట్టించిన కప్పు. ఏప్రిల్‌లో కూడా కింద చల్లగా ఉంటుంది. కానీ ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేస్తాయి. రెండు వానాకాలాలకో గది కారుతుంది. అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. బాత్రూమ్ పెరట్లో, వంటిల్లు చివర్లో, వీధి గుమ్మం మొదట్లో. తొంభై అడుగుల పొడుగు ఇంట్లో రోజుకు ఆమె ఎన్ని కిలోమీటర్లు నడుస్తోందో ఏ స్మార్ట్ వాచీ లెక్కపెట్టలేదు. పాత ఇళ్ల అందం గురించి పోస్టులు పెట్టేవాళ్లలో చాలామందికి ఆ ఇంట్లో గిన్నెలు తోమే పని ఉండదు.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. ఆరేళ్ల కిందట తాతయ్యకు రాత్రి రెండింటికి గుండె నొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చింది, కానీ మా సందులోకి పట్టదు. స్ట్రెచర్ కూడా మూల తిరగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్లారు. ఆ రాత్రి గండం గడిచింది, ఇంకో రెండేళ్లు బతికాడు. కానీ అమ్మ ఆ రెండువందల అడుగుల దూరాన్ని మర్చిపోలేదు. ‘‘రేపు మీ నాన్నకు వస్తే?’’ అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం మీటింగుకు బిల్డరు టేపు పట్టుకుని వచ్చాడు. ముందు వెడల్పు పద్నాలుగు అడుగులు. సందు ఎనిమిది. ఆయన ముఖం అక్కడే మారిపోయింది. అంత సన్నటి దారికి అంతస్తులకు పర్మిషన్ రాదు. పైగా మా రెండు పక్క గోడలూ ఉమ్మడి గోడలు. ఇటు పక్కింటివాళ్ల దూలాలు మా గోడలోకే దిగి ఉన్నాయి, మావి అటు పక్కింటి గోడలోకి. మా ఇల్లు కూలిస్తే రెండు వైపులా కప్పు జారుతుంది. ‘‘వరసలో నాలుగిళ్లూ కలిసొస్తే చెప్పండి, రోడ్డుకు కొంత వదిలి ప్లాన్ చేద్దాం’’ అన్నాడు.

‘‘ఈ రోజుల్లో ఎవరి గోడ వాళ్లకుండాలి’’ అంది అమ్మ విసుగ్గా.

మామ్మ మంచం మీంచే అడిగింది: ‘‘ఆ రేత్రి కుర్సీ ఎవులు మోసినారే?’’

మోసింది ఆ రెండు పక్కలవాళ్లే. మస్తానమ్మ అప్ప కొడుకులిద్దరు, అటు పక్క ఫిషింగ్ హార్బరులో బోటుకెళ్లే బాబాయ్, చిన్నాన్న.

‘‘లిఫ్టుంటే మొయ్యక్కర్లేదు అత్తయ్యా’’ అంది అమ్మ.

ఇద్దరి మాటా కరెక్టే అనిపించింది. చిన్నాన్న టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆయనకు డబ్బు అవసరం ఉంది, పిల్ల పెళ్లికుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

తర్వాత ఏమైందంటే, బేరం ఆగింది. నాలుగిళ్లూ ఒక మాట మీదికి వస్తే అప్పుడు చూద్దామనుకున్నారు. అటు పక్క బాబాయ్ ‘‘నానెక్కడికెల్తాను, హార్బరుకి నడిసెల్లాలి కదా’’ అంటున్నాడు. పక్కింటి అప్ప కొడుకులు మాత్రం రేటు ఎంతని అడిగారు. అమ్మకోసం సీతమ్మధారలో లిఫ్టున్న ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. ఆమె అక్కడ మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నుంచి మాత్రం ‘‘ఇక్కడ చేపలమ్మి రాదేంట్రా’’ అంటోంది. నాన్న పొద్దున్నే స్కూటరేసుకుని కిందికి వెళ్తాడు. హార్బరు దగ్గర కవ్వళ్లో నెత్తళ్లో కొని, పాతింట్లోనే శుభ్రం చేయించి, మామ్మకు సగం ఇచ్చి మిగతాది పట్టుకొస్తాడు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఏ వంకతో వెళ్తాడో చూడాలి.

పెద్ద క్రూయిజ్ ఓడలకు 2023లో ఇక్కడ టెర్మినల్ తెరిచారు. ఓడ దిగినవాళ్లని ఏసీ బస్సుల్లో అరకు, సింహాచలం తిప్పుతారు. దిగిన చోటునుంచి నడిచెళ్లేంత దూరంలో మూడు శతాబ్దాల ఊరుందని వాళ్లకెవరైనా చెబుతారో లేదో. మీరు మాత్రం ఈసారి వైజాగ్ వస్తే ఒక పూట ఇటు కేటాయించండి. సాయంత్రం నాలుగింటికి కురుపాం మార్కెట్ దగ్గర మొదలుపెట్టి, బురుజుపేట అమ్మవారిని చూసుకుని, టౌన్ హాలు మీదుగా రాస్ హిల్ ఎక్కండి. పైనుంచి ఓడ కాలువలోకి రావడం కనిపిస్తుంది. మా ఇంటినుంచి కనపడని సముద్రం కూడా. కింద సందుల్లోకి కారు మాత్రం తేకండి, మీరూ తిరగలేరు, మేమూ తిరగలేం.

ప్రస్తుతానికి మాకున్న పని ఒకటే. మధ్య గది కప్పు ఈ వానలకు ఆగేలా లేదు. సిమెంటు పూయిస్తే దూలాలు పాడవుతాయని పెద్దవాళ్లంటున్నారు. సున్నంతోనే వేయాలట. మద్రాస్ టెర్రస్ పని వచ్చిన మేస్త్రీ కోసం నెల రోజులుగా వెతుకుతున్నాం. ఒకాయన దొరికాడుగానీ ఆయనకు డెబ్బై రెండేళ్లు, నిచ్చెన ఎక్కలేనన్నాడు. కింద కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతాను, ఎవరైనా కుర్రాళ్లుంటే తీసుకురమ్మన్నాడు.